పొద్దుటి వేళ్ళు

జనవరి 8

మిగిలిపోయిన మందులు ఆస్పత్రిలో ఇచ్చేసి వచ్చాను. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి బీరువా పై అరలోనే ఉన్నాయి, సీలు తీయనివి కూడా. డాక్టరమ్మ తీసుకుని కూర్చోమంది. ఇన్నేళ్ళూ ఇద్దరం పక్కపక్కన కూర్చున్న బల్ల. రెండో కుర్చీ అలాగే ఉంది. దాని మీద గొడుగు పెట్టాను.

లేవబోతుంటే ఒక సంగతి చెప్పింది. మా ఆవిడకున్న కీళ్ళవాతం, రుమటాయిడ్ రకం, బయటపడడానికి కొన్నేళ్ళ ముందే రక్తంలో జాడ కనిపిస్తుందట. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీల్లో సొంత కీళ్ళ మీదికే తిరిగే రకం ఒకటుంది. దాన్ని పట్టుకునే పరీక్షని యాంటీ సీసీపీ అంటారు. అది ఉంటే రోగం వచ్చి తీరుతుందని కాదు, లేకపోతే రాదనీ కాదు. ఎవరి మీద కన్నేసి ఉంచాలో తెలుస్తుంది, అంతే. రోగుల రక్తసంబంధీకులకి వాళ్ళ విభాగంలో చేస్తున్నారు.

నాకు ఒక్కతే కూతురు అన్నాను. తెలుసు అంది. తీసుకొస్తానన్నాను. ఆవిడ కలానికి మూత పెట్టి, మళ్ళీ తీసి, "పెద్ద పిల్ల కదండీ, రావాలో వద్దో తననే అనుకోనివ్వండి" అంది.

అనుకునేదేముంది. తీసుకువెళతాను.

జనవరి 9

పొద్దున వేళ్ళు పట్టేశాయి. నిన్న సాయంత్రం తనిఖీకి వెళ్ళిన లిఫ్టు మెషిన్ రూములో చలి.

జనవరి 12, ఆదివారం

అమ్మాయి, అల్లుడు వచ్చారు. వస్తూనే అల్లుడు నూనె సీసా మూత పట్టుకుని ఎత్తాడు. మూత చేతికొచ్చింది, సీసా కింద పడింది. ఈ ఇంట్లో ఏ మూతా బిగించం. మా ఆవిడ తీయలేకపోయేదని ఊరికే ఆనించి వదిలేసేవాళ్ళం. ఇప్పుడు బిగించినా ఇబ్బందిపడేవాళ్ళు లేరు. అయినా బిగించలేదు. ముగ్గురం నేల తుడిచాం.

అల్లుడికి పుట్టుకతోనే వినపడదు. తలుపులు, కిటికీలు చేస్తాడు. అమ్మాయి సైగల భాషకి దుబాసీ. కోర్టుల్లో, ఆస్పత్రుల్లో వినపడనివాళ్ళ పక్కన నిలబడి, చెప్పేవాళ్ళ మాటల్ని చేతులతో చెబుతుంది. ఆ చేతులే ఆమె ఉద్యోగం, ఆ చేతులే కాపురం. ఇంట్లో నాతో నోటితో మాట్లాడుతున్నా చేతులు వాటి పని అవి చేస్తూనే ఉంటాయి, అల్లుడు సంభాషణ బయట ఉండిపోకుండా.

భోజనాలయ్యాక పరీక్ష సంగతి ఎత్తాను. వద్దు నాన్నా, ఇంకో మాట చెప్పు అంది. ఎందుకొద్దో చెప్పమన్నాను. ఊరికే వద్దంది. చెబుతున్నంతసేపూ కుడి చేతి వేళ్ళ కణుపులు చూశాను. వాపు లేదు. ఎడమ చేతి చూపుడువేలు కొంచెం ఎర్రగా ఉన్నట్టుంది. వెలుతురు వల్ల కావచ్చు. ఆమె నా చూపు గమనించి రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుంది. దాంతో అల్లుడికి మాట ఆగిపోయింది. ఏమైందని అడిగాడు. ఆమె మళ్ళీ చేతులు పైకి తీసి ఏదో గబగబా చెప్పింది. నాకు అందలేదు.

నా సైగలు ఎప్పుడూ అంతంతమాత్రమే. వాళ్ళ భాషలో అందరికీ ఒక సైగ పేరు ఉంటుంది. నాది పిడికిలి పైకి లేస్తూ మధ్యలో ఆగిపోవడం. అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఇరుక్కున్న లిఫ్టు. ఆ పేరు పెట్టింది అల్లుడే.

వెళ్ళేటప్పుడు అతను ఏదో అంటే అమ్మాయి నవ్వుతూ తర్జుమా చేసింది. "మామయ్య ఈ మధ్య ముద్దముద్దగా మాట్లాడుతున్నారు అంటున్నాడు."

"అరవై దగ్గరపడ్డాక నేర్చుకుంటే అలాగే వస్తుందని చెప్పు" అన్నాను.

ఆమె చెప్పింది. అల్లుడు నవ్వలేదు.

జనవరి 19

మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి నా ఉద్యోగం భాషలో చెప్పాను. లిఫ్టు తాడంటే చాలా తీగలు కలిపి పేనింది. ఒక తీగ తెగినంత మాత్రాన లిఫ్టు పడిపోదు. ఎన్ని తెగాయో చూస్తాం, మళ్ళీ ఎప్పుడు చూడాలో నిర్ణయిస్తాం. ప్రమాదం తెగిన తీగలో లేదు, ఎవరూ చూడని తాడులో ఉంది.

"నేను తాడుని కాదు నాన్నా."

"నాకు తెలుసు."

"తెలిస్తే నా మొహం చూసి మాట్లాడతావు."

ఫోనులో మొహం ఎలా కనిపిస్తుందన్నాను. పెట్టేసింది.

తెల్లారగానే మళ్ళీ చేస్తాను. అమ్మాయి పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నాదీ అక్కడి నుంచే.

జనవరి 24

మార్కెట్ వెనక ఆరంతస్తుల భవనం. తాడు మందం కొలుస్తుంటే కొలత పనిముట్టు జారి గోతిలో పడింది. చేతికి గ్రీజు ఉంది. పక్కనున్న మెకానిక్ దిగి తెచ్చిచ్చాడు, సార్‌కి ఇవాళ నిద్ర చాలలేదు అన్నాడు.

చేతి గడియారం పట్టీ ఒక బెజ్జం వదులు చేశాను. ఉప్పు తగ్గించాలి.

మంచినీళ్ళ సీసా మూత రాలేదు. ఈ కొత్తరకం మూతలు ఎవడు కనిపెట్టాడో.

ఫిబ్రవరి 2

మొదట్లో తను కూడా ఇలాగే చెప్పింది, పొద్దున లేచేసరికి వేళ్ళు పట్టేస్తున్నాయని. చన్నీళ్ళలో బట్టలు పిండుతున్నావు కాబట్టి అన్నాం. చలి అన్నాం. బలానికి మందు తెచ్చాం. ఎండలో కూర్చోబెట్టాం. డాక్టరమ్మ దగ్గరికి చేరేసరికి ఏడాది దాటింది. వేళ్ళు అప్పటికే పక్కకి ఒరగడం మొదలుపెట్టాయి, ఆ తర్వాత మందు ఎంత పనిచేసినా తిన్నగా రాలేదు. ముందే వచ్చుంటే, అని ఆవిడ ఒకేసారి అంది. మళ్ళీ అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

పెళ్ళి చేసుకుంటానని అమ్మాయి అల్లుణ్ణి ఇంటికి తెచ్చినప్పుడు తను ఆ వేళ్ళతోనే సైగలు నేర్చుకుంది. నాకన్నా ముందు నేర్చుకుంది, నాకన్నా బాగా. చాచాల్సిన చోట వేలు సగమే చాచేది. అతనికి అన్నీ అర్థమయ్యేవి. ఇద్దరూ వంటగదిలో నిలబడి నా మీద ఏవో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

అందుకే వదలను. అమ్మాయి విషయంలో ఒక్క నెల కూడా పోనివ్వను.

పొద్దున కలం పట్టుకోవడం కష్టంగా ఉంది. సాయంత్రం రాస్తున్నాను.

ఫిబ్రవరి 9

ఒప్పుకుంది.

తనే వచ్చింది, ఒక్కతే. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"సరే, రక్తం ఇస్తాను. నువ్వూ ఇవ్వాలి."

నాకెందుకన్నాను. అది రోగి రక్తసంబంధీకులకే.

"అమ్మకి నువ్వేమవుతావు?"

"మొగుణ్ణి."

"పెళ్ళికి ముందు?"

ఇదేం ప్రశ్న అన్నాను.

"అమ్మ నిన్నేమని పిలిచేది నాన్నా?"

బావా అని పిలిచేది. చిన్నప్పుడు గౌను వేసుకుని తిరిగే రోజుల నుంచి చివరి రోజు ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి మంచినీళ్ళడిగేదాకా అదే పిలుపు. మా అమ్మ తోడబుట్టిన అన్నకి కూతురు. ఈ సంగతి నాకు తెలియకపోవడమేమిటి. కానీ తనకి మీరేమవుతారని ఆస్పత్రిలో ఎవరడిగినా భర్తననే చెప్పాను. చెప్పి చెప్పి మిగతా వరస మనసులోంచి చెరిగిపోయింది. డాక్టరమ్మ రక్తసంబంధీకులు అన్నప్పుడు నా బుర్రలోకి అమ్మాయి ఒక్కతే వచ్చింది.

మా అమ్మమ్మ, అంటే తనకి నాయనమ్మ, ఆవిడ వేళ్ళు కూడా పక్కకి ఒరిగి ఉండేవి. ఆ రోజుల్లో దాన్ని వయసు అనేవాళ్ళు.

ఇస్తానన్నాను. పిల్ల ఒప్పుకోవడం ముఖ్యం. నాదేముంది, ఒక సూదిపోటు.

ఆమెని ఇంత తేలిగ్గా ఒప్పించగలనని అనుకోలేదు.

ఫిబ్రవరి 13

రక్తం తీసే గదిలో నర్సు నన్ను పేషెంటుకి ఏమవుతారని అడిగింది. భర్తనన్నాను. అయితే మీకు అక్కర్లేదండీ అని సూది పక్కన పెట్టింది.

"మా అమ్మకి మేనత్త కొడుకు కూడానండి" అంది అమ్మాయి.

నర్సు ఇద్దర్నీ చూసింది. "ఇంతకీ ఏమని రాయమంటారు?"

"రెండూ రాయండి. రెండూ ఆయనే."

నర్సుకి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. ఈ మధ్య ఆ ఆస్పత్రిలో నేను నవ్వలేదు. పిడికిలి బిగించమంది. బిగించాను. ఇంకా గట్టిగా అంది. ఇంతే గట్టి అన్నాను.

అమ్మాయిని ఏ ప్రశ్నా అడగలేదు. చెయ్యి చాపమనబోయే లోపే అమ్మాయి ఎడమ చెయ్యి చాపింది. నర్సు నరం వెతుక్కోలేదు.

వచ్చేదారిలో ఆమె నా బ్యాగు తీసుకుంది. బరువేం లేదన్నాను. తెలుసంది, ఇవ్వలేదు.

ఫిబ్రవరి 17

ఫలితం ఇంకా రాలేదు. అమ్మాయికి లేదనే వస్తుంది. లేదనే రావాలి.

గుండీల చొక్కాలు ఇస్త్రీకి వెయ్యాలి. టీషర్టులు సౌకర్యంగానే ఉన్నాయి.

ఫిబ్రవరి 22

వరసగా రాస్తాను.

డాక్టరమ్మ ఇద్దర్నీ లోపలికి పిలిచింది. కాగితం తియ్యలేదు. ముందు నా కుడి చెయ్యి తీసుకుంది. చూపుడువేలు నుంచి చిటికెనవేలు దాకా కణుపుల వరసని అడ్డంగా పట్టుకుని నొక్కింది. ఆ నొక్కుడు నాకు తెలుసు. ప్రతిసారీ తనకి చేసేది, ప్రతిసారీ తను కళ్ళు మూసుకునేది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"పొద్దున లేచాక వేళ్ళు సర్దుకోడానికి ఎంతసేపు పడుతోందండీ?"

ఆ ప్రశ్న కూడా తెలుసు. తనని అడిగితే, తను తక్కువ చేసి చెబుతుందని, నేనే పక్కనుంచి అందుకుని చెప్పేవాణ్ణి.

కాసేపే అన్నాను.

అమ్మాయి నెమ్మదిగా అంది, "గుండీల చొక్కా వేసుకోవడం మానేశాడండీ. కూరగాయలు కొనుక్కోవడం మానేసి హోటల్ నుంచి తెప్పించుకుంటున్నాడు. కత్తి పట్టుకోలేక."

ఇవన్నీ ఆమెకెలా తెలుసు. నాకే తెలియదు.

అప్పుడు డాక్టరమ్మ కాగితం తీసింది. నా యాంటీబాడీలు ఉండాల్సిన హద్దుకన్నా చాలా ఎక్కువ. మీ విషయంలో ఇది ముందుముందు రావచ్చా అనే ప్రశ్న కాదండీ, మొదలైపోయింది అంది. కానీ ఇప్పుడే మొదలైంది. స్కానులో కీళ్ళ పొరల్లో వాపు ఉందేమో చూద్దాం, ఎముక ఇంకా చెడి ఉండదని నా నమ్మకం. మందు మొదలుపెడితే ఈ వేళ్ళు ఇలాగే ఉండే అవకాశం బాగా ఉంది. ఆవిడ మాట మామూలుగానే ఉంది. నాకు దూరం నుంచి వినిపించింది.

"అమ్మాయిది చెప్పండి" అన్నాను.

డాక్టరమ్మ అమ్మాయి వైపు చూసింది. అమ్మాయి తల ఊపి నా వైపు తిరిగింది.

"నాదీ ఉంది నాన్నా. మూడేళ్ళ నుంచి ఉంది."

అమ్మ ఉన్నప్పుడే చేయించుకుందట. వాళ్ళమ్మే తీసుకొచ్చిందట. ఏడాదికోసారి వచ్చి చూపించుకుంటోంది, ఇంతవరకూ ఏ కీలూ వాయలేదు, ఎప్పటికీ వాయకపోవచ్చు కూడా. పెళ్ళికి ముందే అల్లుడికి చెప్పింది. నాకు తప్ప ముగ్గురికీ తెలుసు.

నాకెందుకు చెప్పలేదన్నాను.

"అమ్మ వద్దంది."

"ఎందుకు?"

"మీ నాన్న నా మొహం చూసి ఎన్నేళ్ళయిందో, వేళ్ళే చూస్తాడు, నిన్నైనా మనిషిలా చూడనీ, అంది."

డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది.

వచ్చేటప్పుడు మెట్లు దిగి వచ్చాను. లిఫ్టు ఖాళీగానే ఉంది.

ఫిబ్రవరి 23

పొద్దున గోరువెచ్చటి నీళ్ళలో చేతులు పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 25

స్కానులో వాపు ఉంది. ఎముక బాగుంది. ఊపిరితిత్తుల ఫొటో, కాలేయం పరీక్ష, అన్నీ బాగున్నాయి. డాక్టరమ్మ మందు రాసిచ్చింది. వారానికోసారి వేసుకునే పసుపు మాత్రలు. తను వేసుకున్నవే.

తను పోయింది ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్‌తో. ఆ మాత్రలు ఒంటి కాపలాని కొంత తగ్గిస్తాయని అప్పుడే చెప్పారు. ఆ రోగం ముదిరితే అదే ఊపిరితిత్తుల్ని పట్టుకుంటుందనీ చెప్పారు. ఏది ఎంత చేసిందో ఎవరూ తేల్చి చెప్పలేదు. నేను మాత్రం తేల్చుకున్నాను. ప్రతి వారం ఆ మాత్రలు అరచేతిలో పెట్టి ఇచ్చింది నేను.

వేసుకోను. నొప్పి భరించలేనిదేం కాదు. గోరువెచ్చటి నీళ్ళలో చేతులు పెట్టుకుంటే సర్దుకుంటుంది. ఉద్యోగం ఇంకా కొన్నాళ్ళే.

నిర్ణయం అయిపోయింది. అమ్మాయి ఫోన్ చేస్తే మొదలుపెట్టానని చెబుతాను.

చెప్పాను.

మార్చి 1

అల్లుడు వచ్చాడు, ఒక్కడే. అమ్మాయి లేకుండా మేమిద్దరం ఎప్పుడూ పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు. వంటగదిలోకి వెళ్ళి మాత్రల డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. సీలు తీయలేదు.

చాలా నెమ్మదిగా మాట్లాడాడు, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు. నాకు అర్థం కాని చోట ఆగి ఇంకోలా చెప్పాడు.

చలికాలం మొదట్లోనే చూశానన్నాడు. మీరు బొటనవేలు వంచాల్సిన మాటలన్నీ మింగేస్తున్నారు. అత్తయ్య మొదట్లో మాట్లాడినట్టే ఉంది. ముద్దగా మాట్లాడుతున్నారని నేనన్నది హాస్యానికి కాదు. ఆ రోజే మీ అమ్మాయికి చెప్పాను. పరీక్షకి తీసుకెళ్ళమన్నది నేనే.

అంటే ఫిబ్రవరి 9న నేను ఒప్పించింది ఎవర్ని?

అత్తయ్య మాట నీకు చివరిదాకా అర్థమైంది కదా, నాదీ అర్థమవుతుందిలే, అన్నాను. లేదా అలా అన్నాననుకున్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "అత్తయ్యకి భాష వచ్చు. రెండు వేళ్ళతో చెప్పినా పూర్తి మాట చెప్పేవారు. మీకు భాష రాదు, మామయ్యా. అన్ని వేళ్ళూ ఉంటేనే మీరు సగం చెబుతారు. అవి కూడా పోతే మీకూ నాకూ మధ్య ఏమీ మిగలదు."

నాకు నవ్వొచ్చింది. అతనికి రాలేదు. అతని ఊళ్ళో, అంటే వినపడనివాళ్ళ లోకంలో, ఇది ఎంత పెద్ద మాటో అప్పుడు తెలిసింది.

తనకి ఆ మాత్రలు ఇచ్చింది నేను, అని చెప్పబోయాను. ఇవ్వడం అనే సైగ వచ్చు. తనకి అనేది వచ్చు. మిగతాది ఎలా చెప్పాలో తెలియలేదు. చెయ్యి గాలిలో ఆగిపోయింది. అతను తొందరపెట్టలేదు. అతనికి అందినట్టే ఉంది.

తర్వాత అతను డబ్బా మీద వేలు పెట్టి, కిటికీ అవతల దూరంగా చూపించి, అమ్మాయి సైగ పేరు చెప్పాడు. "రేపు తనకి వస్తే ఇదే మాత్ర. మీరు భయపడి వదిలేసిన దాన్ని తను నోట్లో ఎలా వేసుకుంటుంది?"

డబ్బా నా వైపుకి జరుపుకున్నాను.

లేస్తూ, నా సైగలు దిద్దుతానన్నాడు. వారానికోసారి వస్తాడట. తప్పు చేస్తే వేళ్ళ మీద కొడతావా అన్నాను. ఇది మాత్రం సరిగ్గా చెప్పినట్టున్నాను, నవ్వాడు.

మార్చి 3

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. మొదలుపెట్టలేదని చెప్పాను. ఎందుకో చెప్పాను. ఆవిడ ఏమీ తీసిపారెయ్యలేదు. మా ఆవిడకి ఆలస్యంగా, ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతిన్నాక ఇవ్వాల్సి వచ్చిందని, నాకు ముందుగా, తక్కువ మోతాదుతో మొదలుపెడుతున్నారని, రక్తం తరచూ చూస్తారని, జ్వరం వచ్చినా దగ్గు వచ్చినా ఆపేసి రమ్మని చెప్పింది. ప్రమాదం లేదని అనలేదు. అనుంటే నమ్మేవాణ్ణి కాను.

పొద్దున వేళ్ళు సర్దుకోడానికి ఎంతసేపు అని మళ్ళీ అడిగింది.

గంట దాటుతోందండీ అన్నాను.

మార్చి 5

అమ్మాయితో పోట్లాట. అబద్ధం చెప్పావంది. నువ్వు మూడేళ్ళు చెప్పావన్నాను. నేను చెప్పలేదు, ఊరుకున్నానంది. కోర్టుల్లో తిరిగి ఇలాంటివి నేర్చుకుంది. ఇద్దరం అలిసిపోయాక ఒక ఒప్పందానికి వచ్చాం. ఆస్పత్రికి ఇద్దరం ఒకేరోజు వెళతాం. తన చేతుల సంగతి తనంతట తాను చెబుతుంది, నేను అడగను. నా సంగతి అడిగితే నేను చెబుతాను.

మాట్లాడుతున్నంతసేపూ ఆమె మొహం చూశాను. తెలియకుండా రెండుసార్లు చూపు కిందికి వెళ్ళింది. మళ్ళీ పైకి తెచ్చుకున్నాను. కనుబొమల మధ్య గీత వచ్చింది. ఎప్పుడొచ్చిందో.

మార్చి 9, ఆదివారం

భోజనం అయ్యాక వేసుకోవాలి. ఇద్దరూ వచ్చారు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు, వాతావరణం గురించీ, అల్లుడు చేస్తున్న పెద్ద తలుపు గురించీ మాట్లాడుకున్నాం. పళ్ళేలు తీశాక డబ్బా నేనే తెచ్చుకున్నాను. సీలు తియ్యడానికి వేళ్ళు చాల్లేదు. అల్లుడు చెయ్యి చాపాడు, నేను వద్దని పళ్ళతో తీశాను.

మాత్రలు అరచేతిలో వేసుకున్నాను. ఈసారి ఇవ్వడానికి కాదు. చాలా చిన్నవి. ఇంత చిన్నవని గుర్తులేదు.

అమ్మాయి ఎదురుగా కూర్చుని ఉంది. చేతులు బల్ల మీదే ఉన్నాయి, కదలడం లేదు. మామూలుగా నేను మందు మింగేటప్పుడు ఎవరైనా చూస్తే అటు తిరుగుతాను. ఆమె నా చేతిలోకీ, నా మొహంలోకీ, మళ్ళీ చేతిలోకీ చూస్తోంది. ఒకరోజు తనకి అవసరం పడితే ఎలా చెయ్యాలో నేర్చుకుంటున్నట్టు చూస్తోంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను. మాత్రలు నోట్లో వేసుకుని, తొందరపడకుండా తాగి, గ్లాసు దించాను.

ఆమె చూస్తూనే ఉంది. చూడనిచ్చాను.